మాజీలకు బంగళాలే పోయాయి, కార్మికులకు కష్టార్జితం కరిగింది

సంపాదకుల వారికి,
నమస్కారం.

శ్రీలంకలో మాజీ అధ్యక్షులకు ఇచ్చే ప్రభుత్వ బంగళా, వాహనాలు, సిబ్బంది ఖర్చు రద్దు చేస్తూ 2025 సెప్టెంబరు 10న అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. అనుకూలంగా 151 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటి. మర్నాడే మాజీ అధ్యక్షుడు మహింద రాజపక్ష కొలంబోలో విజేరామ వీధి బంగళా ఖాళీ చేసి, దక్షిణాన తంగల్లలో ఉన్న సొంత ఇంటికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి మనవాళ్ల నోట రెండు మాటలు వింటున్నాను. ఒకటి, "పాపం, ఎనభైకి దగ్గరపడిన మనిషిని, ఎల్‌టీటీఈ మీద యుద్ధం గెలిపించిన మనిషిని ఇలా సాగనంపుతారా, ఇది కక్ష కాక మరేమిటి" అని. రెండోది ఎన్నికల సభల్లో విని విని అందరికీ నోటికొచ్చేసిన మాట: "ఉచితాలు పంచితే ఎవరి గతైనా శ్రీలంకే" అని.

రెండూ తప్పేనని చెప్పడానికే ఈ ఉత్తరం. 2022లో ఆ దేశం కుప్పకూలినప్పుడు నేను కటునాయకలో ఉన్నాను. విమానాశ్రయం పక్కనే ఉన్న ఎగుమతుల జోన్‌లో, ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసేదాన్ని. నా కింద పనిచేసినవాళ్లంతా మిషన్ మీద కుట్టే అమ్మాయిలు. అనురాధపుర, మొనరాగల, హట్టన్ వైపు పల్లెల నుంచి వచ్చి, బోర్డింగ్ గదుల్లో ముగ్గురు నలుగురు కలిసి ఉండేవాళ్లు. వాళ్ల కోపాన్ని దగ్గర నుంచి చూశాను కాబట్టి, దాన్ని కక్ష అంటే నాకు మనసొప్పదు.

ముందు ఉచితాల సంగతి. ఉచిత చదువు, ఉచిత వైద్యం ఆ దేశంలో నిన్నమొన్న వచ్చినవి కావు, తరాలుగా ఉన్నవి. అవి దేశాన్ని ముంచేవే అయితే ఎప్పుడో ముంచాలి. 2019 నవంబరులో మహింద తమ్ముడు గోఠాభయ రాజపక్ష 69 లక్షల ఓట్లతో అధ్యక్షుడయ్యారు. డిసెంబరు ఒకటి నుంచే వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి దించారు. ఏడాదికి కోటీ ఇరవై లక్షల రూపాయల (ఈ ఉత్తరంలో రూపాయలన్నీ శ్రీలంక రూపాయలే) వ్యాపారం ఉంటే వ్యాట్ కట్టాలన్న హద్దును ఏకంగా 30 కోట్లకు పెంచారు. జీతాల మీద నెలనెలా కోసుకునే పన్ను ఎత్తేశారు. కంపెనీల పన్ను కూడా తగ్గించారు. ఇవన్నీ ఎవరికి మేలు చేశాయి? నెలంతా ఓవర్‌టైమ్ చేసినా ఆదాయపన్ను గీత దగ్గరికి కూడా రాని మా అమ్మాయిలకా? కట్టగలిగినవాళ్లకు ఇచ్చిన కానుక అది. జాతీయోత్పత్తిలో 11 శాతానికి పైగా ఉన్న పన్ను రాబడి రెండేళ్లలో 8 శాతం చుట్టుపక్కలకు పడిపోయింది. 2020లో, అప్పు తీర్చే సత్తాను అంచనా వేసే రేటింగ్ సంస్థలు దేశం గ్రేడు తగ్గించేశాయి. ఆ తర్వాత విదేశీ మార్కెట్‌లో కొత్త అప్పు పుట్టలేదు. పాత అప్పు మాత్రం వాయిదా తప్పకుండా తలుపు తట్టింది.

కోవిడ్ వల్ల పర్యాటకులు రాలేదు, నిజం. 2019 ఈస్టర్ రోజు చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేలిన దెబ్బ అప్పటికే ఉంది, అదీ నిజం. కానీ కోవిడ్ పొరుగు దేశాలన్నిటికీ వచ్చింది. అన్నీ దివాలా తీయలేదు కదా.

ఎరువుల విషయంలో మాత్రం ఎవరూ ఏ సాకూ చెప్పలేరు. 2021 వేసవిలో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క కలం పోటుతో ఆపేశారు. దేశమంతా సేంద్రియమే అన్నారు. సేంద్రియ సేద్యం మంచిదే, కాదనను. దానికి నేల సిద్ధం కావాలి, ఎరువు తయారు కావాలి, ఏళ్లు పడుతుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ మాటే చెప్పి హెచ్చరించారు, వినలేదు. మా లైన్‌లో కాలర్ కుట్టే అమ్మాయి ఊరు తంబుత్తేగమ దగ్గర. మహా సీజను (అక్కడి ప్రధాన వరి కాలం) పంట కోతలప్పుడు ఇంటికెళ్లి వచ్చింది. ఫోన్‌లో తండ్రి పొలం చూపించింది. మడి మొత్తం పసుపు పచ్చగా, మోకాలి ఎత్తు కూడా లేని పైరు. కంకి పట్టుకుని నలిపితే సగం తాలు గింజలే. మాది కూడా వరి పండించిన కుటుంబమే, ఆ ఫొటో చూస్తే ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. ప్రతి ఏడూ ఊరి నుంచి బియ్యం మూట తెచ్చుకుని బోర్డింగ్‌లో నెలల తరబడి వండుకునే పిల్ల, ఆసారి ఊరికి డబ్బు పంపడం మొదలుపెట్టింది.

నవంబరుకల్లా నిషేధం ఎత్తేశారు కానీ అప్పటికి నాట్లు అయిపోయాయి. ఈలోగా చైనా నుంచి తెప్పించిన సేంద్రియ ఎరువులో హానికర బాక్టీరియా ఉందని శ్రీలంక సొంత పరీక్షా కేంద్రమే తేల్చింది, ఓడను రేవులోకి రానివ్వలేదు. అయినా వివాదం ముదిరి ఆ కంపెనీకి 67 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మందుల షాపుల్లో మందులు లేని రోజుల్లో, దించుకోని సరుక్కి డాలర్లు పోశారు.

ఇక డాలర్ల మాట. 2019 చివర 760 కోట్ల డాలర్ల నిల్వ ఉండేది. రూపాయి పడిపోకుండా డాలరును రెండు వందల చిల్లర దగ్గర బలవంతంగా బిగించి పట్టుకున్నారు. బయట హవాలా వాళ్లు అంతకంటే చాలా ఎక్కువ ఇస్తుంటే గల్ఫ్‌లో పనిచేసే ఆడవాళ్లు బ్యాంకుల్లో ఎందుకు వేస్తారు? విదేశాల్లో పనిచేసేవాళ్ల నుంచి 2020లో 710 కోట్ల డాలర్లు వచ్చిన చోట 2021లో 550 కోట్లే వచ్చాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) దగ్గరికి వెళ్లమని ఆర్థికవేత్తలు, ప్రతిపక్షం ఎంత మొత్తుకున్నా అక్కర్లేదని సెంట్రల్ బ్యాంకు గవర్నరు అజిత్ నివార్డ్ కబ్రాల్ భీష్మించుకున్నారు. 2022 జనవరి 18న విదేశీ బాండ్లు (ప్రభుత్వం రాసిచ్చిన అప్పు పత్రాలు) కొన్నవాళ్లకు 50 కోట్ల డాలర్లు కట్టేశారు. అది కట్టొద్దు, బతిమాలి వాయిదా అడగండి, ఆ డబ్బుతో తిండీ మందులూ తెప్పించండి అని ఎందరో చెప్పారు. కట్టారు. మూడు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 12న, ఇక విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించారు. మే మొదట్లో ఆర్థిక మంత్రి పార్లమెంటులో చెప్పినదాని ప్రకారం వాడుకోవడానికి వీలైన నిల్వ ఐదు కోట్ల డాలర్లు కూడా లేదు. 760 కోట్లు ఎక్కడ, 5 కోట్లు ఎక్కడ.

ఈ లెక్కలు మా ఫ్యాక్టరీ గేటు బయట ఎలా కనిపించాయో చెప్తాను. గ్యాస్ ఏజెన్సీ ముందు ఖాళీ సిలిండర్ల వరుస ఉండేది. మనుషులు రాత్రంతా నిలబడలేక సిలిండర్లను ఒకదానికొకటి గొలుసుతో కట్టి తాళం వేసి, పెయింటుతో పేర్లు రాసుకుని వెళ్లేవాళ్లు. 2022 ఏప్రిల్‌లో పన్నెండున్నర కిలోల సిలిండర్ 4,860 రూపాయలు. 2021 అక్టోబరుకు ముందు అది పదిహేను వందల లోపే. ఆ ధరకైనా దొరికితే పండగే. మా అమ్మాయిలకు గ్యాస్ లేదు, కిరోసిన్ స్టవ్వే. షిఫ్టు అయ్యాక కిరోసిన్ క్యాన్ పట్టుకుని లైన్లో నిలబడితే వాళ్ల వంతు వచ్చేసరికి "అయిపోయింది" అనేవాడు. కట్టెల పొయ్యి పెడితే గోడలు మసి పడతాయని ఇంటి ఓనరు ఒప్పుకోడు. అందుకని ఒకే గదిలో నలుగురు కలిసి ఒక్కపూట వండి, రాత్రికి బిస్కెట్లు నీళ్లలో ముంచుకుని తినేవాళ్లు. పొద్దున లైన్‌లో కళ్లు తిరిగి పడిపోయిన పిల్లల్ని నా చేతులతో లేపి కూర్చోబెట్టాను. క్వాలిటీ చెక్‌లో కుట్లు తప్పుతున్నాయని రిపోర్టు రాయాల్సినదాన్ని నేనే. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేని పిల్ల కుట్టు వంకర పోకుండా ఎలా ఉంటుంది?

మార్చి నెలాఖరుకు కరెంటు కోత రోజుకు పదమూడు గంటలు. కాగితం లేక కొలంబో వైపు బడుల్లో పరీక్షలు వాయిదా వేశారు. పెట్రోలు, కిరోసిన్ క్యూల్లో నిలబడిన ముసలివాళ్లు అక్కడికక్కడే ప్రాణాలు వదిలారు. సెప్టెంబరులో కొలంబో ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం దాదాపు 70 శాతం, ఒక్క తిండి సరుకులే తీసుకుంటే 95 శాతానికి కాస్త తక్కువ. అంటే ఏడాది కిందటి జీతంతో సగం సంచే నిండుతుంది.

మన దేశం ఆ ఏడాది దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. డీజిలు, బియ్యం, మందులు, యూరియా పంపింది. అక్కడి మనుషులు ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు. త్రీ వీలర్ ఎక్కితే డ్రైవరు నేను ఇండియా దాన్నని తెలిసి మీటర్ వేయడం మానేసిన సందర్భాలున్నాయి. ఈ మాట ఇక్కడ పెద్దగా అక్కర్లేదేమో గానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

అలాంటి రోజుల్లో దేశాన్ని ఏలుతున్నది ఎవరు? తమ్ముడు గోఠాభయ అధ్యక్షుడు, అన్న మహింద ప్రధాని, మరో తమ్ముడు బాసిల్ ఆర్థిక మంత్రి, పెద్దన్న చమల్ ఒక మంత్రి, మహింద కొడుకు నమల్ ఇంకో మంత్రి. నిర్ణయం ఎవరిదో వెతుక్కోవాల్సిన పని లేదు. అందుకే జనం పార్టీ పేరు ఎత్తలేదు, ఇంటిపేరు ఎత్తారు. ఏప్రిల్ 9 నుంచి గాల్ ఫేస్ మైదానంలో గుడారాలు వేసుకున్నారు. ఆదివారాల్లో మా అమ్మాయిలు కొందరు వెళ్లేవాళ్లు, నేనూ వెళ్లాను. అక్కడ గ్రంథాలయం పెట్టుకున్నారు, వంటశాల పెట్టుకున్నారు. రంజాన్‌లో ముస్లింలు ఉపవాసం విడిచేటప్పుడు సింహళ కుర్రాళ్లు నీళ్లు అందించారు. మే 18న, 2009 యుద్ధం చివర్లో చనిపోయిన తమిళులను తలచుకుని అక్కడే గంజి పంచారు. కొలంబో నడిబొడ్డున అలాంటిది జరుగుతుందని నేనైతే అనుకోలేదు. హట్టన్ నుంచి వచ్చిన తమిళ అమ్మాయి మాత్రం పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మాకు వీళ్ల సంగతి ముందే తెలుసు మేడమ్, మిగతావాళ్లకు క్యూలో నిలబడ్డాక తెలిసింది" అంది. యుద్ధం గెలిపించారన్న మాట చెప్పి ఏం చేసినా చెల్లుతుందనే వాళ్లు ఆ పిల్ల మాట ఒక్కసారి ఆలోచించాలి.

మే 9న మహింద అనుచరులు కర్రలతో వచ్చి ఆ గుడారాల మీద పడ్డారు. సాయంత్రానికి మహింద రాజీనామా చేశారు. ఆ రోజే జనం నేతల ఇళ్లు తగలబెట్టారు, ఒక ఎంపీని చంపేశారు. దాన్ని నేను సమర్థించను, ఏ కోపమూ సమర్థించదు. కానీ ఉద్యమమంతా అదేనని చెప్పేవాళ్లు ఇంకో రోజు సంగతి కూడా చెప్పాలి. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడినప్పుడు లోపల కోటీ 78 లక్షల రూపాయల నోట్ల కట్టలు దొరికాయి. క్యూల్లో నెలల తరబడి నలిగిన మనుషులు వాటిని లెక్కపెట్టి పోలీసులకు అప్పజెప్పారు. దొంగలు అలా చేస్తారా?

ఆ తర్వాత గోఠాభయ సైనిక విమానంలో మాల్దీవులకు, అక్కడి నుంచి సింగపూర్‌కు వెళ్లి రాజీనామా ఈమెయిల్‌లో పంపారు. దేశం విడిచి వెళ్లబోయిన బాసిల్‌ను మా జోన్ పక్కనున్న విమానాశ్రయంలోనే సిబ్బంది, ప్రయాణికులు అడ్డుకున్నారు. సెప్టెంబరులో గోఠాభయ తిరిగొచ్చారు. ప్రభుత్వ బంగళా, సెక్యూరిటీ సిద్ధంగా ఉన్నాయి. ఎందుకంటే 1986 నాటి చట్టం ప్రకారం ఆయన మాజీ అధ్యక్షుడు. దేశం దివాలా తీసింది, దించేసిన మనిషికి హక్కు మాత్రం దివాలా తీయలేదు. అప్పుడు మా అమ్మాయిల ముఖాల్లో చూసినది కోపం కూడా కాదు, అవమానం.

2023 నవంబరు 14న శ్రీలంక సుప్రీంకోర్టు నలుగురు జడ్జీల మెజారిటీతో తీర్పు చెప్పింది. గోఠాభయ, మహింద, బాసిల్, ఇద్దరు మాజీ సెంట్రల్ బ్యాంకు గవర్నర్లు, మరికొందరు ఉన్నతాధికారులు ఈ సంక్షోభానికి బాధ్యులని, ప్రజలు పెట్టిన నమ్మకాన్ని వమ్ము చేశారని పేర్లతో సహా తేల్చింది. కాబట్టి ఇది కక్ష అనేవాళ్లు ముందు ఆ తీర్పు చదవాలి. అయితే శిక్ష ఏమిటి? పిటిషన్ వేసిన వాళ్లకు తలా లక్షా యాభై వేల రూపాయలు కోర్టు ఖర్చులు. జనానికి నష్టపరిహారం లేదు. ఆ లక్షన్నర ఆనాటి ధరల్లో ఎంతకాలం ఇల్లు నడుపుతుందో మా అమ్మాయిలనడగండి, చెప్తారు.

అదే ఏడాది జరిగిన ఇంకో పని గురించి మన పత్రికల్లో నాకు పెద్దగా కనిపించలేదు. నా అసలు బాధ ఇదే. అప్పుల సర్దుబాటులో భాగంగా దేశీయ అప్పును కూడా సవరించాలన్నారు. 2023 జులై 1న పార్లమెంటు దానికి ఆమోదం తెలిపింది. బ్యాంకుల దగ్గరున్న రూపాయి బాండ్లను, బ్యాంకులు కుదేలైతే ఇంకా ప్రమాదమని, పక్కన పెట్టారు. భారం ప్రధానంగా కార్మికుల ప్రావిడెంట్ ఫండ్ మీద పడింది. ఫండ్ చేతిలోని పాత బాండ్లు ఇచ్చేసి కొత్తవి తీసుకోవాలి. వాటి మీద 2025 దాకా 12 శాతం, ఆ తర్వాత 9 శాతం వడ్డీ. ఒప్పుకోకపోతే ఫండ్ ఆదాయం మీద 30 శాతం పన్ను. ఇది ఎంపికా?

ఆ ఫండ్‌లోకి ప్రతి నెలా అమ్మాయి జీతంలోంచి 8 శాతం పోతుంది, యాజమాన్యం 12 శాతం వేస్తుంది. పెళ్లి చేసుకుని ఉద్యోగం మానేస్తే ఆడపిల్ల ఆ డబ్బు తీసుకోవచ్చు. జోన్‌లో చాలామంది లెక్క అదే. ఐదారేళ్లు కుట్టి, ఆ డబ్బుతో ఊళ్లో ఒక గది పోసుకుని పెళ్లి చేసుకోవడం. తంబుత్తేగమ అమ్మాయి దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. ఇటుక ఎంత, సిమెంటు బస్తా ఎంత, రేకులెన్ని అని రాసుకుంది. ధరలు మారినప్పుడల్లా కొట్టేసి పక్కన కొత్త ధర రాసేది. చివరికి పేజీ అంతా కొట్టివేతలే. ఖాతాలో అంకె తగ్గలేదు, నిజమే. ఆ అంకెకు వచ్చే ఇటుకలు తగ్గిపోయాయి. రూపాయి విలువ దాదాపు సగానికి పడిపోయాక, దాన్ని పూడ్చుకునే వడ్డీ కూడా ఆ పిల్లకు రాకుండా చేశారు. ఎరువులు ఆపమని ఆ పిల్ల చెప్పిందా? వ్యాట్ తగ్గించమని అడిగిందా? జనవరిలో 50 కోట్ల డాలర్లు తీసుకున్న బాండ్ల వాళ్లలో ఉందా?

పన్నుల కథా అంతే. పెద్దలకు తగ్గించిన వ్యాట్‌ను 2024 జనవరి నుంచి 18 శాతం చేశారు, గ్యాసును, పెట్రోలును కూడా అందులోకి తెచ్చారు. 2022 ఆగస్టులో కరెంటు చార్జీలు సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మళ్లీ 66 శాతం పెంచారు. ఐఎంఎఫ్ ఇచ్చే దాదాపు 300 కోట్ల డాలర్లకు ఇవి షరతులన్నారు. ఖజానా నిండాలి కదా అంటే నిండాలి. ఖాళీ చేసినవాళ్ల వైపు నుంచి ఎంత వచ్చిందన్నదే నా ప్రశ్న.

ఇంత జరిగాక అక్కడి జనం 2024లో ఓటుతోనే జవాబు చెప్పారు. సెప్టెంబరులో అనుర కుమార దిసానాయకే అధ్యక్షుడయ్యారు. నమల్ రాజపక్షకు మూడు శాతం ఓట్లు కూడా రాలేదు. నవంబరులో పార్లమెంటులో 225కి 159 సీట్లు దిసానాయకే కూటమికే ఇచ్చారు. అంత చిత్తుగా ఓడించి, బిల్లు మీద కోర్టులో నెగ్గి, చట్టం చేసి, ఆపైన ఇల్లు ఖాళీ చేయమంటే అది కక్ష ఎలా అవుతుంది? ఆ బంగళాకు అద్దె కట్టాల్సి వస్తే నెలకు 46 లక్షల రూపాయలవుతుందని ప్రభుత్వ మదింపు. 2025 ఆగస్టులో మరో మాజీ అధ్యక్షుడు రణిల్ విక్రమసింఘేను, సొంత పని మీద లండన్ వెళ్లి ప్రభుత్వ డబ్బు ఖర్చు పెట్టారన్న ఆరోపణ మీద అరెస్టు చేశారు, నాలుగు రోజులకు బెయిలొచ్చింది. అది కోర్టు తేల్చాల్సిన విషయం, నేను తీర్పు చెప్పను. కానీ నన్నడిగితే బంగళాలు, ప్రయాణ ఖర్చులు చిన్న పద్దులు. కోర్టు బాధ్యులని తేల్చిన నిర్ణయాలకు మూల్యం కార్మికుల ఫండ్ ఇంకా కడుతూనే ఉంది. బంగళా ఖాళీ అయినంత మాత్రాన ఆ పద్దు మూతపడదు. కొత్త ప్రభుత్వం కూడా ఫండ్‌కు జరిగిన నష్టం పూడ్చే దారి చూపాలి, లేకపోతే రేపు వాళ్లనూ ఇదే అడుగుతారు.

అయ్యా, మీ పత్రికకు నాదొక విన్నపం. ఎన్నికల సమయంలో ఏ నాయకుడైనా "ఉచితాలిస్తే శ్రీలంక అవుతాం" అంటే, ఆ వార్త వేయండి, వద్దనను. దాని పక్కనే 2019 డిసెంబరు పన్ను కోతలు, ఎరువుల నిషేధం, 2022 జనవరి చెల్లింపు, 2023 సుప్రీంకోర్టు తీర్పు, ప్రావిడెంట్ ఫండ్ బాండ్ల మార్పిడి కూడా ఒక చిన్న పెట్టెలో వేయండి. వీలైతే ఎవరినైనా కటునాయక పంపి ఆ అమ్మాయిలతో మాట్లాడించండి. షిఫ్టు సాయంత్రం వదులుతారు, జోన్ గేటు దగ్గర నిలబడితే చాలు.

ఇట్లు,
కటునాయకలో పనిచేసి వచ్చిన ఒక పాఠకురాలు
(అక్కడి సహోద్యోగులకు ఇబ్బంది కలగకూడదని పేరు రాయలేదు. ప్రచురిస్తే ఇలాగే ప్రచురించగలరు.)